మాత్రతో పాటు ఇంటికి రావాల్సినవి

హైదరాబాద్ బౌద్ధనగర్‌లో టు-లెట్ బోర్డు కనిపించని వీధి అరుదు. ఒకవైపు సీతాఫల్‌మండి, ఇంకోవైపు వారాసిగూడ, కాస్త అవతల ఉస్మానియా యూనివర్సిటీ. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి, ఆదిలాబాద్ నుంచి గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ఈ చుట్టుపక్కల బస్తీల్లోనే గదులు తీసుకుంటారు. అద్దె కలిసొస్తుందని ముగ్గురు నలుగురు సర్దుకునే గది సాధారణంగా ఇంటి వెనకవైపు ఉంటుంది. కిటికీ ఒక్కటే. తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో పక్కింటి గోడ. దోమలొస్తాయని సాయంత్రం మూస్తారు, జల్లు కొడుతుందని వానాకాలం మూస్తారు, ఎండాకాలం కూలర్ బిగించి మిగిలిన సందుకు అట్టముక్క అడ్డం పెడతారు.

అలాంటి గదిలో ఒకరికి దగ్గు పట్టుకుందనుకుందాం. మొదటి వారం వాతావరణం మారిందంటారు. రెండో వారం మెడికల్ షాపులో ఒక సిరప్, నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు. మూడో వారానికి సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతుంది, రాత్రిళ్లు చెమటకు బనీను తడుస్తుంది, ప్యాంటు నడుము దగ్గర వదులవుతుంది. పరీక్షల టెన్షన్ అనో, మెస్ తిండి పడట్లేదనో అనుకుంటారు. ఈ నిర్లక్ష్యం వాళ్లొక్కరిదే కాదు. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ టీబీ సర్వేలో లక్షణాలున్నవాళ్లలో దాదాపు 64 శాతం మంది వైద్యం కోసం ఎక్కడికీ వెళ్లలేదని తేలింది. షాపులో ఇచ్చే ఆ యాంటీబయాటిక్ లెవోఫ్లాక్ససిన్ లాంటిదైతే ఇంకో చిక్కు. అది టీబీ క్రిమిని కూడా కొంత అణచగలదు. నాలుగు రోజులు దగ్గు తగ్గినట్టుంటుంది, అసలు రోగం బయటపడేసరికి మరికొన్ని వారాలు గడిచిపోతాయి.

ఆ వారాల్లో గదిలో జరిగేది కంటికి కనిపించదు. ఊపిరితిత్తుల్లో టీబీ ఉన్న మనిషి దగ్గినా, గట్టిగా మాట్లాడినా, పాడినా సన్నటి తుంపర్లు బయటికి వస్తాయి. పెద్దవి నేలమీద పడిపోతాయి. చిన్నవాటిలో నీరు గాలిలోనే ఆవిరై, క్రిమిని మోస్తున్న కణం మిగులుతుంది. దాని సైజు ఒకటి నుంచి ఐదు మైక్రాన్లు. అగరుబత్తి పొగలా అది గదంతా పరుచుకుని, గాలి కదలకపోతే గంటల తరబడి తేలుతూనే ఉంటుంది. దగ్గిన మనిషి బయటికి వెళ్లిపోయాక లోపలికి వచ్చినవాడు కూడా దాన్ని పీల్చవచ్చు. పెద్ద తుంపర ముక్కులోనో గొంతులోనో చిక్కుకుంటుంది. ఈ చిన్న కణం మాత్రం ఊపిరితిత్తుల చివర ఉండే గాలి తిత్తుల దాకా దిగుతుంది. టీబీకి కావలసిన చోటు అదే.

అందుకే ఒకే కంచంలో తింటే, ఒకే గ్లాసులో తాగితే, దుప్పటి మార్చుకుంటే, చెయ్యి కలిపితే టీబీ అంటదు. మన ఇళ్లలో మాత్రం ముందుగా వేరుచేసేది కంచాన్నీ గ్లాసునే. కిటికీ మూసే ఉంటుంది.

గాలి ద్వారానే వ్యాపిస్తుందన్న సంగతి ఊహతో తేల్చింది కాదు. 1950ల చివర్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో రిచర్డ్ రైలీ, విలియం వెల్స్ ఒక టీబీ వార్డులోని గాలిని గొట్టాల ద్వారా పైకప్పు మీద గినీపందుల బోనుల్లోకి పంపారు. ఆ జంతువులకు రోగులతో వేరే ఏ సంబంధమూ లేదు. అయినా ఒక్కొక్కటిగా వాటికి టీబీ సోకింది. అదే గాలిని అతినీలలోహిత కిరణాల గుండా పంపినప్పుడు అటువైపు గినీపందులకు సోకలేదు. సూర్యకాంతిలోని ఈ కిరణాలే ఆరుబయట క్రిమిని త్వరగా చంపేస్తాయి. ఆరుబయట గాలికి కొరత లేదు కాబట్టి అక్కడ అంటుకునే అవకాశం చాలా తక్కువ.

పెరూ రాజధాని లిమాలో చేసిన ఇంకో పరిశోధన 2007లో వెలువడింది. ఆసుపత్రి గదుల్లో గంటకు ఎన్నిసార్లు గాలి పూర్తిగా మారుతుందో కొలిచారు. కిటికీలూ తలుపులూ తెరిచిన గదుల్లో గంటకు 28 సార్లు మారింది. యంత్రాలతో గాలి ఆడించే ఖరీదైన గదుల్లో 12 సార్లే. అన్నిటికన్నా మెరుగ్గా నిలిచినవి 1950కి ముందు కట్టిన, ఎత్తైన పైకప్పు, పెద్ద కిటికీలున్న పాత గదులు. వాటిలో 40 సార్లు మారింది. 1939లో ప్రారంభమైన మన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ కూడా అలాంటి ఎత్తూ విశాలమూ ఉన్న కట్టడమే. పగలంతా అలాంటి గదుల్లో పాఠం విన్న విద్యార్థి రాత్రికి గాలి ఆడని గదికి చేరుతాడు. టీబీ లెక్కలో ఆ రాత్రిదే పెద్ద వాటా.

అయితే పీల్చిన ప్రతివాడికీ రోగం రాదు. ఊపిరితిత్తుల్లోని రక్షక కణాలు క్రిమిని మింగుతాయి. చాలామందిలో దాని చుట్టూ గోడ కట్టి కదలకుండా చేస్తాయి. మనిషికి ఏ బాధా ఉండదు, అతని నుంచి ఇంకొకరికి అంటదు కూడా. ముందు చెప్పిన జాతీయ సర్వేలో 15 ఏళ్లు దాటినవారిలో సుమారు 31 శాతం మందికి ఇలా క్రిమి సోకిందని లెక్క తేలింది. వీరిలో జీవితకాలంలో రోగం బయటపడేది నూటికి ఐదు నుంచి పది మందికి. అదీ సోకిన మొదటి రెండేళ్లలోనే ఎక్కువ. హెచ్‌ఐవీ, షుగర్, పొగ, మద్యం ఆ గోడను బలహీనపరుస్తాయి. మన దేశంలో వీటన్నిటినీ మించి ఆ పని చేస్తున్నది పోషకాహార లోపం. శరీర బరువును ఎత్తుతో పోల్చి చెప్పే బీఎంఐ ఒక్క యూనిట్ తగ్గితే టీబీ ముప్పు సుమారు 14 శాతం పెరుగుతుంది. పొద్దున టీ, మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం, రాత్రి చారు అన్నంతో రెండేళ్లు నెట్టుకొచ్చే నిరుద్యోగి శరీరం మీద ఈ లెక్క నేరుగా పనిచేస్తుంది.

ఇక పరీక్ష. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా కఫం పరీక్ష చేయించుకోవాలి. బౌద్ధనగర్ వాళ్లకు గాంధీ ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది. అక్కడ ఒక మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బీ చేతికిస్తారు. ఎంత గొప్ప యంత్రమైనా ఆ డబ్బీలో పడినదాని మీదే ఆధారపడుతుంది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి. చాలామంది ఉమ్మి తెచ్చి ఇస్తారు. ఉమ్మి నోటిది. కావలసింది ఊపిరితిత్తుల అడుగు నుంచి వచ్చే చిక్కటి తెమడ. పొద్దున లేవగానే మంచినీళ్లతో నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు నిండా గాలి పీల్చి, చివరిసారి కాసేపు బిగబట్టి, పొట్ట లోతు నుంచి దగ్గాలి. డబ్బీని పెదవులకు దగ్గరగా పట్టుకోవాలి. ఆ పని గదిలో చేయకూడదు. మేడమీదికి వెళ్లి ఒంటరిగా చేయాలి. మూత బిగించి అదే రోజు ఇచ్చేయాలి.

1882 మార్చి 24న రాబర్ట్ కాక్ టీబీ క్రిమిని లోకానికి చూపించిన నాటి నుంచి వందేళ్లకు పైగా మైక్రోస్కోపే ప్రధాన సాధనం. ఈ క్రిమి ఒంటి చుట్టూ మైనం లాంటి కొవ్వు పొర ఉంటుంది. ఎర్ర రంగు ఒకసారి ఎక్కితే ఆమ్లంతో కడిగినా పోదు. దాన్నిబట్టే గుర్తుపడతారు. కాకపోతే ఒక మిల్లీలీటరు తెమడలో ఐదు వేల నుంచి పది వేల క్రిములుంటే తప్ప కంటికి చిక్కవు. ఇప్పుడు వాడే సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు క్రిమి డీఎన్ఏనే వెతికి పట్టుకుంటాయి. వీటికి వందో నూట యాభయ్యో క్రిములున్నా చాలు. గోవాలో తయారయ్యే ట్రూనాట్ బ్యాటరీ మీద నడుస్తుంది, ఏసీ గది అక్కర్లేదు. సుమారు గంటలో క్రిమి ఉందో లేదో చెబుతుంది, ఇంకో గంటలో రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందు దాని మీద పనిచేస్తుందో లేదో కూడా చెబుతుంది. తెమడను ల్యాబులో పెంచి చూసే కల్చర్ పరీక్షకు వారాలు పడుతుంది, ఎందుకంటే ఈ క్రిమి రెండుగా చీలడానికే ఇరవై గంటల దాకా తీసుకుంటుంది.

దగ్గు లేకపోయినా రోగం ఉండవచ్చు. సర్వేలో దొరికిన రోగుల్లో 42 శాతానికి పైగా ఛాతీ ఎక్స్‌రే తీయకపోతే బయటపడేవారే కాదు. మెడలో గడ్డలుగా, వెన్నుపూసలో, మెదడు పొరల్లో వచ్చే టీబీలూ ఉన్నాయి. అవి సాధారణంగా ఇతరులకు అంటవు. రక్తంలో యాంటీబాడీలు చూసి టీబీ ఉందని చెప్పే పరీక్షలను తప్పుడు ఫలితాలిస్తున్నాయని ప్రభుత్వం 2012లో నిషేధించింది. చర్మం మీద చేసే మాంటూ పరీక్ష, ఇగ్రా అనే రక్తపరీక్ష క్రిమి సోకిందో లేదో చెబుతాయి గానీ ఇప్పుడు రోగం ఉందో లేదో తేల్చలేవు.

రోగం తేలితే ఆరు నెలల మందు. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ నాలుగూ. తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ మినహా మిగతా మూడు. అన్నీ కలిపిన మాత్రలనే ఇస్తారు, బరువును బట్టి రోజుకు రెండు నుంచి ఆరు. ఇన్ని మందులెందుకో ఒక లెక్క చెబుతుంది. ఊపిరితిత్తిలో టీబీ తొలిచిన ఒక గుల్లలో పది కోట్ల నుంచి వంద కోట్ల దాకా క్రిములుంటాయి. వాటిలో ఐసోనియాజిడ్‌కు లొంగనిది సుమారు పది లక్షల్లో ఒకటి పుట్టుకతోనే ఉంటుంది. రిఫాంపిసిన్‌కు లొంగనిది పది కోట్లలో ఒకటి. అంటే ఒక్క ఐసోనియాజిడ్ ఇస్తే వందల కొద్దీ క్రిములు బతికి, అవే పిల్లల్ని పెడతాయి. రెండూ కలిపి ఇస్తే రెండిటికీ లొంగని క్రిమి కోటి కోట్లలో ఒకటి. అన్ని క్రిములు ఏ ఊపిరితిత్తిలోనూ ఉండవు. ఒక మందు మానేసినా, నెల మింగి నెల ఆపినా ఈ రక్షణ పోతుంది.

ఆరు నెలలు ఎందుకన్నది ఇంకో ప్రశ్న. చురుగ్గా పెరిగే క్రిములను ఐసోనియాజిడ్ మొదటి రోజుల్లోనే చంపేస్తుంది. అందుకే కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, ఆకలేస్తుంది, జబ్బు పోయిందనిపిస్తుంది. నిద్రపోతూ అప్పుడప్పుడు మేలుకునే క్రిములు మాత్రం మిగిలే ఉంటాయి. వాటి కోసమే తర్వాతి నెలలు. రిఫాంపిసిన్‌తో మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. ముందే చెప్పకపోతే రక్తం పోతోందని భయపడి మందు ఆపేసేవాళ్లున్నారు. అది ప్రమాదం కాదు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా, రంగులు తేడాగా కనిపించినా మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పాలి. మందులకు లొంగని టీబీకి ఒకప్పుడు ఏడాదిన్నర, రెండేళ్లు సూదులూ మాత్రలూ వాడాల్సి వచ్చేది. బెడాక్విలిన్‌తో కూడిన ఆరు నెలల మాత్రల చికిత్సకు 2024లో కేంద్రం అనుమతి ఇచ్చింది.

ఈ మందుల వెనక ఒక తెలుగు పేరుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1948లో చనిపోయేవరకూ అమెరికాలోని లెడర్లీ కంపెనీ పరిశోధనలకు నాయకత్వం వహించారు. టీబీ మీద పైరజినమైడ్ పనిచేస్తుందని ఆ ల్యాబు నుంచే 1952లో వెల్లడైంది. ఇథాంబుటాల్ కూడా 1961లో అక్కడి నుంచే వచ్చింది. అప్పటికి ఆయన లేరు, కానీ ఆయన పెంచిన పరిశోధనశాల ఉంది.

మందులు లేని కాలంలో మనవాళ్లు ఏం చేశారో చూస్తే నేను చెప్పదలచిన అసలు విషయం అక్కడ దొరుకుతుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో ఒక శానిటోరియం తెరుచుకుంది. క్రైస్తవ మిషన్లు కలిసి కట్టిన దాన్ని డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రీమాట్ మోలర్ నడిపారు. వైద్యం అంటే కొండగాలి, విశ్రాంతి, బలమైన ఆహారం. హైదరాబాద్ వైపు వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల మీద శానిటోరియం వెలిసింది కూడా ఆ గాలి కోసమే. 1948లో దేశంలో బీసీజీ టీకాల పని మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ టీకా పసిపిల్లలను మెదడు టీబీ నుంచి, ఒళ్లంతా పాకే టీబీ నుంచి కాపాడుతుంది. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని ఆపలేదని తర్వాత చెంగల్పట్టులో జరిగిన పెద్ద పరిశోధన తేల్చింది. పెద్దలకు పనికొచ్చే టీకా కోసం వెతుకులాట ఇంకా సాగుతోంది. ఎంటీబీవాక్ అనే అలాంటి టీకా మీద హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ 2024లో మన దేశంలో ప్రయోగాలు మొదలుపెట్టింది.

1956లో మద్రాసులో ఒక చికిత్సా పరిశోధన కేంద్రం ఏర్పడింది. అక్కడ 193 మంది రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపును శానిటోరియంలో ఉంచి మంచి తిండి, విశ్రాంతి ఇచ్చారు. ఇంకో గుంపు మద్రాసు ఇరుకు ఇళ్లలోనే ఉండి, పేదరికపు తిండే తింటూ, అవే మాత్రలు వేసుకుంది. ఏడాది తర్వాత రెండు గుంపులూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. ఇంట్లో ఉన్నవాళ్ల కుటుంబసభ్యులకు రోగం ఎక్కువగా అంటనూ లేదు. 1959లో వచ్చిన ఈ ఫలితం ప్రపంచాన్నే మార్చింది. మంచాలకు డబ్బు లేని దేశాలు కూడా టీబీని నయం చేయగలవని రుజువైంది. దాంతో రోగి ఇంటికొచ్చేశాడు. ఇది చాలా గొప్ప మేలు, అందులో సందేహం లేదు.

కాకపోతే రోగితో పాటు ఇంటికి వచ్చింది మాత్ర ఒక్కటే. శానిటోరియంలోని గాలీ తిండీ అక్కడే ఉండిపోయాయి. కఫంలో క్రిమి పోవడానికి తిండి అవసరం లేదని మద్రాసు పరిశోధన చెప్పినదాన్ని, తిండి అవసరమే లేదన్నట్టుగా దశాబ్దాల పాటు ఆచరించాం.

ఆ లోటును కొలిచింది మళ్లీ అదే సంస్థ కావడం నాకు చాలా గౌరవం కలిగించే విషయం. మద్రాసు కేంద్రమే ఇప్పటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవలతో కలిసి ఆ సంస్థ జార్ఖండ్‌లో 2,800 మంది రోగులనూ, వారి ఇళ్లలోని 10,345 మందినీ గమనించింది. రోగులందరికీ మందుతో పాటు రేషన్ ఇచ్చారు. కుటుంబసభ్యులకు మాత్రం సగం ప్రాంతాల్లోనే, మనిషికి నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఫలితాలు 2023లో వచ్చాయి. రేషన్ అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. పరీక్షలో క్రిమి కనిపించిన ఊపిరితిత్తుల టీబీ అయితే 48 శాతం తగ్గింది. రోగుల్లో మొదటి రెండు నెలల్లో బరువు ఐదు శాతం పెరిగినవారిలో మరణాలు 61 శాతం తక్కువ. కొత్త టీకా ఏదైనా సగం రోగాన్ని ఆపగలిగితే ప్రపంచమంతా పండగ చేసుకుంటుంది. ఇక్కడ ఆ పని బియ్యం, పప్పు చేశాయి.

బౌద్ధనగర్‌కు దగ్గర్లోని తార్నాకలో ఉన్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించకూడదు. కూనూరు నుంచి 1958లో ఇక్కడికి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ జామై ఉస్మానియాలోనే ఉంది. మన దేశంలో ఎవరి కంచంలో ఏముందో దశాబ్దాల పాటు లెక్కగట్టింది ఈ సంస్థే. దగ్గర్లోనే ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి 2021లో డైరెక్టరుగా వచ్చిన వినయ్ నందికూరి టీబీ క్రిమి లోపలి ప్రొటీన్ల మీద పనిచేసిన శాస్త్రవేత్త. క్రిమిని చదివేవాళ్లు, తిండిని చదివేవాళ్లు ఇంత దగ్గరగా ఉన్న పేట దేశంలో ఇంకోటి ఉంటుందా అనిపిస్తుంది. వాళ్లు కనుక్కున్నది బౌద్ధనగర్ వెనక గదిలోకి చేరాలి.

చేరడానికి దారులున్నాయి. టీబీ రోగికి పోషణ కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు, 2024 నవంబరు నుంచి అది వెయ్యి అయింది. ఊరి బ్యాంకులో ఉన్న ఖాతా అయినా సరే, ఆధార్‌తో ముడిపడి ఉంటే చాలు. ఆ వెయ్యిని గుడ్లు, పాలు, పల్లీలకు వాడుకోవచ్చు. మెస్ వాడితో మాట్లాడి పప్పు ఇంకో గరిటె వేయించుకోవడం కూడా చికిత్సలో భాగమే. రోగికి అందేది ఇది. అదే గదిలో అదే తిండి తినే మిగతా ముగ్గురికి ఈ డబ్బు అందదు. జార్ఖండ్ ఫలితం వచ్చాక కూడా ఈ లోటు అలాగే ఉండటం అన్యాయమనే నేను అంటాను.

ఆ ముగ్గురూ వెంటనే చేయించుకోవాల్సింది పరీక్ష. కఫం, ఎక్స్‌రే రెండూ. రోగం లేదని తేలితే, లోపల సోకిన క్రిమి లేవకుండా ముందుజాగ్రత్త మందు ఉంటుంది. రోజూ ఆరు నెలలు ఐసోనియాజిడ్ గానీ, వారానికోసారి చొప్పున పన్నెండు మోతాదుల మందు గానీ ఇస్తారు. కూలర్‌ను కిటికీలోంచి తీసి తలుపు దగ్గరికి మారిస్తే గాలి ఆడుతుంది. దోమలకు జాలీ కొట్టించుకోవచ్చు. అద్దెకిచ్చేవాళ్లు గదికి ఎదురెదురుగా రెండు కిటికీలు పెట్టిస్తే అంతకన్నా మంచిది. దగ్గే మనిషి మొదటి వారాలు మాస్కు పెట్టుకుని, వీలైతే మేడమీద పడుకుంటే చాలు.

రోగం సంగతి తెలియగానే ఇంటి యజమానులు చేసే మొదటి పని గది ఖాళీ చేయమనడం. దీనివల్ల ఎవరికీ రక్షణ లేదు. ప్రమాదంలో ఎక్కువ భాగం రోగం తేలకముందు గడిచిన వారాల్లోనే ఉంది. మందులకు లొంగే టీబీ అయితే సరైన మందు మొదలుపెట్టిన సుమారు రెండు వారాలకే ఇతరులకు అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది. ఖాళీ చేయిస్తే ఆ అబ్బాయి ఊరికి బస్సెక్కుతాడు, మందు మధ్యలో ఆగిపోతుంది, ఆగిన మందుతో మొండి క్రిమి పుడుతుంది. తప్పనిసరై వెళ్లాల్సి వస్తే, టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో అతని పేరు మీద ఒక నంబరుంటుంది. ఆ నంబరుతో ఏ జిల్లాలోనైనా, ఏ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనైనా ఆపిన చోటి నుంచే మందు కొనసాగుతుంది. బయలుదేరే ముందు ఇక్కడి కేంద్రంలో చెప్పి బదిలీ రాయించుకుని, మధ్యలో వాడుకోవడానికి కొన్ని రోజుల మాత్రలు చేతిలో పెట్టుకుని వెళ్లాలి.